కొత్త పాటని గిటార్ మీద పట్టుకోవడం ఎలా: కార్డ్స్ ఆఖర్న చూడండి

చాలామంది కొత్త పాట మొదలుపెట్టే పద్ధతి ఒకటే. ఫోన్‌లో పాట పేరు కొట్టి, పక్కన గిటార్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు) అని తగిలించి, మొదట వచ్చిన పేజీలో ఏముంటే అది వాయించేయడం, అది పాటలా వినపడకపోయేసరికి నా వేళ్లు దీనికి పనికిరావు అనుకుని గిటార్‌ని గోడకి ఆనించేయడం. వేళ్ల తప్పు కాదది. ఆ పేజీలోవి ఎవరో వాళ్ల గొంతుకి సరిపడా, వాళ్ల చెవికి తోచినట్టు రాసుకున్న కార్డ్స్. సినిమా రికార్డింగ్ ఇంకో శ్రుతిలో ఉంటుంది, మీ గొంతు మరో శ్రుతిలో ఉంటుంది, మూడూ మూడు దారులు పడితే పాట ఎక్కడ కలుస్తుంది?

అందుకే నేను చెప్పే వరస వేరు. ముందు పాట నోటికి రావాలి, తర్వాత శ్రుతి దొరకాలి, తర్వాత నడక, అంటే పాట ఊగే తాళం, చేతికి పట్టాలి, కార్డ్స్ సంగతి ఆ తర్వాతే. ఇది జి, సి, డి, ఈ మైనర్, ఏ మైనర్ (G, C, D, Em, Am) పట్టడం వచ్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి తడబడుతూ అయినా మారగలిగేవాళ్ల కోసం. అంతదాకా రానివాళ్లు కొన్నాళ్లు అవే వాయించండి, వేళ్ల చివర్లు కాయలు కాసేదాకా నొప్పి తప్పదు.

పాట ఎంచుకునేటప్పుడు ప్రాణంగా ప్రేమించే పాటని మొదట పెట్టుకోకండి. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారి మెలోడీలంటే మన విజయనగరం వైపు చెవి కోసుకుంటాం కదా, కానీ అలాంటి పాటల అందం చాలావరకు గొంతులో తిరిగే గమకంలో ఉంటుంది, కింద కార్డ్స్ దరువేస్తే పాట బక్కచిక్కిపోతుంది. అవి తర్వాత ఎప్పుడో, ఒక్కో తీగ మీద స్వరాలుగా వాయించండి, అప్పుడు బాగుంటాయి. మొదటికి గిటార్ చప్పుడు పైకి వినిపించే పాట, నాలుగు దెబ్బలకి ఒకసారి మాత్రమే కార్డ్ మారే పాట, సాహిత్యం చూడకుండా మీరు మొత్తం పాడగలిగే పాట చాలు. ఈ మూడోది ముఖ్యం. పాడలేని పాటని వాయించడం మొదలుపెడితే ఒకేసారి రెండు పాటలు నేర్చుకున్నంత పని.

పాడటం అంటే బాగా పాడాలని కాదు, ఎక్కడ ఏం వస్తుందో తెలియాలి. మన సినిమా పాటల్లో ఒక సుఖం ఉంది: పల్లవి, రెండు చరణాలు, మధ్యలో బీజీయం, చాలా పాటల్లో రెండు చరణాలదీ ఒకే బాణీ. అంటే పల్లవి, ఒక చరణం, చరణం చివర పల్లవిలోకి దింపే ఆ ఒక్క లైను వస్తే పాట దాదాపు వచ్చినట్టే. ఆ దింపుడు లైను దగ్గరే చాలాసార్లు ఎవరూ ఊహించని కార్డ్ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ఇక శ్రుతి. ఇక్కడ మన విజయనగరం వాళ్లకి ఒక సదుపాయం ఉంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇంకా ఊళ్లోనే ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు, ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. గొప్పకి చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్పకే. కానీ దానివల్ల మన వీధుల్లో సంగీతం తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. పాట వినిపించి ఇదేం శ్రుతి అంటే ఒకటిన్నరో, ఐదున్నరో చెప్పేస్తారు. ఆ లెక్క గిటార్ వాళ్లకి రాదు, వాళ్లకి మన లెక్క రాదు, కాబట్టి ఇది రాసి పెట్టుకోండి: ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఈ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బి. హార్మోనియంలో నల్ల మెట్లే ఈ అరలన్నీ, మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర లేదు.

అడగడానికి ఎవరూ లేకపోయినా మీరే పట్టొచ్చు. పల్లవి పాడి ఆపేయండి. ఆపాక నోరు మూసుకుని ఊఁ అంటూ ఏ స్వరం మీద హాయిగా కూర్చోగలరో, ఇక పాట అయిపోయింది అనిపించే స్వరం ఏదో, సాధారణంగా అదే సా, అంటే పాటకి ఆధార స్వరం. దాన్ని ఊఁ అంటూనే గిటార్ లావు తీగ మీద ఒక్కో ఫ్రెట్ వెతుక్కుంటూ పోండి. ఖాళీ తీగ ఈ, మూడో ఫ్రెట్ జి, ఐదోది ఏ, ఎనిమిదోది సి. దొరికాక ఆ స్వరం మీద మేజర్ కార్డ్ ఒకసారి, మైనర్ కార్డ్ ఒకసారి కొట్టి పల్లవి పాడండి. ఒకటి ఒప్పుకుంటుంది, ఇంకోటి పళ్లు పులిసినట్టు ఉంటుంది. మొదట్లో తేడా తెలియకపోతే కంగారు పడకండి, వారం రోజులు పాత పాటలన్నిటికీ ఇదే ఆట ఆడండి, చెవి తొందరగానే దారికి వస్తుంది.

ఆన్‌లైన్లో దొరికే కాపీలతో జాగ్రత్త. కొన్నింట్లో అసలు పాటని కాస్త పైకో కిందకో జరిపి పెడతారు. పాత పాటలైతే టేపు వేగం తేడా వల్ల రెండు మెట్లకి మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి, ట్యూనర్‌లో ఆరు తీగలూ పచ్చగా వెలిగినా పాటతో కలవవు. అప్పుడు ట్యూనర్ పక్కన పెట్టి పాటకి తగ్గట్టు తీగలు కొద్దిగా బిగించడమో వదలడమో చేయండి, ప్రాక్టీస్ అయ్యాక మళ్లీ మామూలుకి తెచ్చుకోండి.

కేపో కొనుక్కోండి, అంటే ఆరు తీగల్నీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు. అది పెడితే మోసం అనేవాళ్ల మాట వినకండి. కేపో ఒక్కో ఫ్రెట్ పైకి జరిపితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, అంతే లెక్క. పాట ఒకటిన్నరలో ఉంటే మొదటి ఫ్రెట్లో కేపో పెట్టి సి శ్రుతిలో వాడే కార్డ్ పట్లతో వాయించొచ్చు, నాలుగో ఫ్రెట్లో పెట్టి ఏ (A) పట్లతోనూ వాయించొచ్చు. ఐదున్నర అయితే మొదటి ఫ్రెట్, జి పట్లు. అసలు సినిమా శ్రుతిలోనే వాయించాలని రూలేం లేదు, మీరు పాడటానికైతే మీ గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి జరపండి. ఆడవాళ్లు పాడిన పాట మగవాళ్లు అదే శ్రుతిలో ఎత్తుకుంటే చరణంలో పీక పట్టేస్తుంది, ఇంట్లోవాళ్లు టీవీ సౌండ్ పెంచేస్తారు.

నడక గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, నాకు దీనిమీదే మాట్లాడాలని ఉంటుంది. వీడియోల్లో ఒకే ఒక్క స్ట్రమ్మింగ్, అంటే తీగల మీద చెయ్యి ఆడించే వరస, నేర్పుతారు, కింద, కింద పైన, పైన కింద పైన అని, దాన్నే పట్టుకుని ప్రపంచంలో ఉన్న పాటలన్నీ వాయించేస్తారు. అది నాలుగు దెబ్బల పాటకి సరిపోతుంది. కానీ మన జానపదాల్లో, జాతర పాటల్లో, అమ్మవారి పాటల్లో తకిట తకిట అని మూడేసిగా ఊగే నడక బోలెడు ఉంటుంది, దానిమీద ఈ నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ వేస్తే పాట కుంటుతుంది. కాబట్టి గిటార్ ముట్టుకోకముందు పాట పెట్టి తొడ మీద తాళం వేయండి. తకధిమి అంటే సరిపోతోందా, తకిట తకిట అంటే సరిపోతోందా చూడండి. తకిట అయితే ఒకటి రెండు మూడు, నాలుగు ఐదు ఆరు అని లెక్కపెడుతూ అన్నీ కిందకే కొట్టండి, ఒకటీ నాలుగూ గట్టిగా, మిగతావి పిక్ తీగల్ని తగిలీ తగలనట్టుగా. ఇంత చాలు, ఊపు వచ్చేస్తుంది. పైకి కొట్టే దెబ్బలు తర్వాత వాటంతటవే చేరతాయి.

ఎడమ చేతితో తీగలన్నీ మెత్తగా మూసేసి, శబ్దం టక్ టక్ అని మాత్రమే వచ్చేలా, పాట పెట్టుకుని కుడి చెయ్యి ఒక్కటే ఆడించండి. పాట మొత్తం అలా ఆగకుండా వాయించగలిగితేనే ముందుకి వెళ్లండి. కార్డ్ తప్పితే వినేవాళ్లు క్షమిస్తారు, నడక తప్పితే మాత్రం పక్కింటి తాతగారు కూడా గోడ మీంచి "ఏటిరా బాబూ, పాట ఎటో ఎల్పోతంది" అంటారు.

ఇప్పుడు కార్డ్స్. సా సి అయి, మేజర్ అయితే మీ సంచిలో సి, ఎఫ్, జి, ఏ మైనర్, డి మైనర్, ఈ మైనర్ ఉన్నాయి. సా జి అయితే జి, సి, డి, ఈ మైనర్, ఏ మైనర్, బి మైనర్. పాట మైనర్‌లో, ఏ (A) మీద ఉంటే ఏ మైనర్, డి మైనర్, ఈ మైనర్, ఎఫ్, జి, సి. మామూలు పాటలు చాలావరకు ఈ ఆరింటిలోనే తిరుగుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కింద బేస్ గిటార్ ఏ స్వరం పట్టుకుందో వినండి, ఎక్కువసార్లు కార్డ్ పేరు అదే. ఇంత చేశాక అప్పుడు ఆన్‌లైన్ పేజీ తెరిచి మీరు రాసుకున్నదానితో పోల్చుకోండి. తేడా వచ్చిన చోట రెండూ వాయించి చూడండి, మీదే కరెక్ట్ అయిన సందర్భాలు కూడా వస్తాయి.

సా ఏ (A) అయిన మైనర్ పాటల్లో ఒక కిటుకు. చరణం చివర ఈ మైనర్ (Em) పెడితే ఏదో చేదుగా ఉందంటే ఈ మేజర్ (E) పెట్టి చూడండి. మన పాటల్లో కీరవాణి రాగం స్వరాలు తెగ వాడతారు, అందులో పైనుండే నిషాదం (ని, ఇక్కడ జి షార్ప్) ఈ మేజర్‌లో ఉంటుంది, ఈ మైనర్‌లో ఉండదు. ఇలాగే పాట ఏ రాగమో తెలిస్తే పని సులువు. మోహన అని ఎవరైనా చెప్పారనుకోండి, సా సి అయితే స్వరాలు సి, డి, ఈ, జి, ఏ మాత్రమే. సి, ఏ మైనర్ రెండూ నిండుగా ఒప్పుకుంటాయి, ఎఫ్ పెట్టేటప్పుడు చెవి రిక్కించి వినండి, ఎందుకంటే ఎఫ్ అంటే మధ్యమం (మా), అది రాగంలోనే లేదు. సంగీత దర్శకులు పెడతారు, వాళ్లు ఎక్కడ పెట్టాలో తెలిసి పెడతారు. ఎటూ తేలకపోతే సా, పా రెండే కలిపి తంబురాలా మోగిస్తూ పాడేయండి. కచేరీ పద్ధతిలో సాగే పాటలకి కార్డ్స్ కంటే అదే బాగుంటుంది కూడా.

ఎఫ్ దగ్గర అందరూ ఆగిపోతారు. వేలు మొత్తం అడ్డంగా పెట్టి నొక్కే బార్ కార్డ్ వచ్చేలోపు, సన్న తీగ నుంచి లెక్కపెట్టి నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్ పట్టి, సన్న తీగ ఖాళీగా వదిలేసి, పైనున్న రెండు లావు తీగలు కొట్టకుండా వాయించండి. అది ఎఫ్ మేజర్ సెవెన్, చాలా పాటల్లో ఎవరికీ తేడా తెలియదు.

కార్డ్ మారడం అందకపోతే పాట మొత్తం మళ్లీ మళ్లీ వాయించడం వల్ల లాభం లేదు. ఏ రెండింటి మధ్య వేళ్లు ఇరుక్కుంటున్నాయో ఆ రెండే తీసుకుని, ప్లేబ్యాక్ స్పీడ్ సగానికో ముప్పావుకో తగ్గించి, అవే తిప్పండి. యూట్యూబ్‌లో స్పీడ్ తగ్గించినా శ్రుతి మారదు. ఇంకా అందకపోతే మారే ముందు ఆఖరి దెబ్బ తీగలు వదిలేసి ఖాళీగా కొట్టేయండి, ఆ లోపల వేళ్లు చేరిపోతాయి, పెద్ద పెద్ద వాయిద్యగాళ్లు కూడా చేసే పనే అది.

పాడుతూ వాయించాలంటే సాహిత్యం చేత్తో తెలుగులోనే రాసుకోండి, లైన్ల మధ్య ఖాళీ వదిలి. కార్డ్ ఏ అక్షరం మీద మారుతుందో సరిగ్గా ఆ అక్షరం నెత్తిన రాయాలి, మాట నెత్తిన కాదు. మన పాటలు చాలా వాటిలో తాళం పడ్డాక అర దెబ్బ ఆగి మాట ఎత్తుకుంటారు, కార్డ్ ముందు పడుతుంది, మాట వెనక వస్తుంది, గొంతూ చెయ్యీ కొట్టుకునేది అక్కడే. అందుకని ముందు పాడకుండా మాటల్ని ఊరికే మాట్లాడినట్టు అంటూ వాయించండి, తర్వాత ఊఁ అంటూ, ఆ తర్వాతే పాట. బీజీయం దగ్గర చేతులు ముడుచుకోకండి, అక్కడ ఎన్ని దెబ్బలు ఉన్నాయో లెక్కపెట్టి పల్లవి కార్డ్స్‌తో నింపండి, లేకపోతే పక్కన పాడే ఫ్రెండ్ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక మీ ముఖం చూస్తాడు.

ఒక తేదీ పెట్టుకుంటే మంచిది. మన ఊరి పైడితల్లమ్మ అమ్మవారి పండగకి, ముందురోజు తొలేళ్ళు, మర్నాడు సిరిమాను అని ఇంటి నిండా చుట్టాలు దిగుతారు కదా, దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను, అంటే ఆ సోమవారం రాత్రి మేడ మీద ఒక్క పాట ఆగకుండా వాయించాలి అనుకోండి. దానికి వారం ముందు నుంచి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. వాయించేటప్పుడు వినపడని తప్పులు రికార్డింగ్‌లో ఎదురుగా నిలబడతాయి, ముఖ్యంగా చరణంలోకి వెళ్లేసరికి స్పీడ్ పెరిగిపోవడం.

కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లు వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి, ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి, తుప్పు తీగతో ఎంత ట్యూన్ చేసినా శ్రుతి నిలవదు. కొత్త సెట్ కొనేటప్పుడు లైట్ గేజ్, అంటే సన్నపాటి తీగలు, అడగండి, వేళ్లకి సులువు.

రెండో పాట ఎంచుకునేటప్పుడు మొదటి పాట కార్డ్సే ఉండి నడక కొత్తదైనా ఉండాలి, లేదా అదే నడకలో ఒక్క కార్డ్ కొత్తదైనా ఉండాలి, రెండూ ఒకేసారి పెట్టుకోకండి.