మన్యానికి సేవకు వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వానాకాలంలో పాడేరు, అరకు ప్రాంతాల గ్రామాలకు సేవకు వెళ్లేవారు, ప్రాణమైనా ఇవ్వడానికి సిద్ధపడినంత మాత్రాన ప్రాణాన్ని నిర్లక్ష్యం చేయరాదని బయలుదేరక ముందే తేల్చుకోవాలి. దేవాలయ శిఖరం మీది నుండి దూకుమని సాతాను శోధించినప్పుడు యేసు దూకలేదు; దమస్కులో తనను చంపజూచినప్పుడు పౌలు రాత్రివేళ గంపలో గోడ దిగి తప్పించుకున్నాడు.

• మన్యంలో మెదడుకు ఎక్కే ఫాల్సిపేరం మలేరియా ఉంది కనుక, మందు పట్టించిన దోమతెర వెంట తీసుకెళ్లి, దాని అంచులను నాలుగు వైపులా చాప కిందికి దోపుకొని పడుకోవాలి. తిరిగి వచ్చిన తరువాత కొన్ని వారాల్లోపు జ్వరం తగిలితే, ఉపవాస ప్రార్థనతో సరిపెట్టకుండా, అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, ఎక్కడికి వెళ్లి వచ్చారో వైద్యునికి చెప్పాలి.

• గెడ్డ (కొండవాగు) పొంగితే ఆ రోజు ప్రార్థన కూడిక మానుకోవాలి.

• జలుబు, దగ్గు ఉన్నవారు ఆగిపోవాలి. అక్కడి పసిపిల్లలకు వాటిని అంటించడం త్యాగం కాదు.

• 1873లో హవాయి ద్వీపాల్లో ఒకటైన మొలొకాయ్ దీవిలోని కుష్ఠురోగుల మధ్యకు వెళ్లి, 1889లో ఆ వ్యాధితోనే మరణించిన ఫాదర్ డేమియన్ తన ఇష్టంతో వెళ్లాడు. కాబట్టి జట్టు నాయకుడు తన తెగువను ఇతరుల మీద రుద్దకుండా, ముఖ్యంగా యౌవనస్థులను ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. రానన్నవారిని అల్పవిశ్వాసి అనరాదు.