రోమన్ కాలపు కంచు ఉంగరం: కొనే ముందు ఎలా పరీక్షించాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి?

చిలుము పట్టిన పాత ఉంగరం చేతికి రాగానే మన ఇళ్లలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చింతపండు. రాగి చెంబులా తోమితే ఇదీ తళతళలాడుతుంది, నిజమే. కాకపోతే ఆ పులుపు చిలుమునంతా కరిగించేస్తుంది. ఉంగరం పాతదని చెప్పే సాక్ష్యం ఆ చిలుమే. అది పోతే ధరా పోతుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, తోముడు పొడి, ఏదీ దాని దగ్గరికి రానివ్వకండి.

రోమ్‌లో బంగారు ఉంగరం చాలాకాలం పై వర్గాల హక్కు. సామాన్యులు ఇనుము, కంచు పెట్టుకునేవారు. అందుకే కంచువి విరివిగా, తక్కువ ధరకే దొరుకుతాయి. చౌక వస్తువుకి ఎవరూ ల్యాబ్ పరీక్ష చేయించరు, నకిలీలు చేసేవాళ్ల ధైర్యం అదే. మీకు కావలసినవి: పదింతలు పెద్దగా చూపే భూతద్దం, పక్కనుంచి వెలుగు పడేలా ఒక టార్చి, దూది పుల్లలు, కొంచెం ఎసిటోన్ (రంగుల్ని కరిగించే ద్రవం).

1. లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి

బొమ్మ ఉన్న ముఖం వైపు అందరూ చూస్తారు, నకిలీ చేసినవాడి శ్రమంతా కూడా అక్కడే ఉంటుంది. మీరు ఉంగరం లోపలి వైపు చూడండి. ఏళ్ల తరబడి వేలికి ఉన్న ఉంగరం అరచేతి వైపు అరిగి పలచబడుతుంది. చుట్టూ ఒకే మందం ఉండి, ఆకురాయి గీతలు సమాంతరంగా, పదునుగా కనిపిస్తే అనుమానించండి. గుండ్రటి గాలి బుడగల గుంటల్ని మాత్రమే చూసి నకిలీ అనేయొద్దు. రోమన్లూ పోతపోసేవారు. ఒంటినిండా బుడగలుండి, బొమ్మ అంచులు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

లోపలి వ్యాసం కూడా కొలవండి. 11–13 మిల్లీమీటర్లే ఉంటే పిల్లలది కావచ్చు. పురుషాంగం బొమ్మ ఉన్న బుల్లి ఉంగరాలు చూసి ముఖం తిప్పుకోకండి, రోమన్లకు అది దిష్టి తగలకుండా పెట్టే రక్ష.

2. చిలుము పొరలు చూడండి

మట్టిలో శతాబ్దాలున్న కంచు మీద పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి: లోహాన్ని అంటుకుని ఎర్రటి రాగి ఆక్సైడు, దానిపైన గట్టి ముదురాకుపచ్చ. ఎక్కడైనా చిన్న పెచ్చు లేచి ఉంటే అంచు దగ్గర ఆ ఎరుపు కనిపించాలి. పచ్చదనం కింద నేరుగా మెరిసే పసుపు లోహం ఉంటే అది ఈమధ్య రసాయనంతో తెప్పించిన రంగు అయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత దూది పుల్లను ఎసిటోన్‌లో ముంచి లోపలి వైపు రుద్దండి. పుల్లకి పచ్చరంగు అంటితే అది పెయింటు. లేత గోధుమరంగు అంటితే పాత మైనమో లక్కో కావచ్చు, తప్పేం లేదు. రాయి పొదిగిన చోట మాత్రం ఎసిటోన్ వద్దు, రాయిని నిలబెట్టిన జిగురు కరిగి ఊడిపోతుంది.

3. చెక్కడాన్ని విడిగా పరీక్షించండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఉంగరం అసలుదే, బొమ్మ కొత్తది. బోడి ఉంగరం మీద గ్రద్దనో దేవతనో చెక్కితే ధర అమాంతం పెరుగుతుంది. భూతద్దంతో గీత లోపలికి చూడండి: చుట్టూ ఉన్న చిలుమే గీత అడుగునా పరుచుకుని ఉండాలి. గీత అంచున చిలుము చిట్లి, అడుగున లోహం మెరుస్తుంటే ఆ చెక్కడం నిన్నమొన్నటిది.

నగల దుకాణాల్లో క్యారట్ చూసే ఎక్స్‌రే యంత్రం కొంత పనికొస్తుంది. ఉంగరం ఇత్తడిదని తేలితే, పాత పద్ధతిలో చేసిన ఇత్తడిలో జింకు సుమారు 28 శాతం దాటదు, 35 వస్తే ఆధునికమే అనుకోవచ్చు. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది, పైగా దాన్ని బంగారం కోసం సరిచేసి ఉంచుతారు. అంకెల్ని ఉజ్జాయింపుగానే తీసుకోండి.

4. కాగితాలు అడగండి

"పాత యూరోపియన్ సేకరణ నుంచి" అన్న మాట రుజువు కాదు. పాత రసీదు, వేలం కేటలాగు పేజీ, ఏ దేశం నుంచి ఎప్పుడు బయటికొచ్చిందో చెప్పే పత్రం అడగండి. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాపై 1970లో యునెస్కో ఒప్పందం వచ్చింది, అంతకుముందు నుంచీ కాగితాలున్న వస్తువైతే కొంత నిశ్చింత. ఇండియాలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటినది పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడానికి వీల్లేదు. తెప్పించుకున్నాక నచ్చలేదని తిప్పి పంపడం సులువు కాదని ముందే గుర్తుంచుకోండి.

5. పొడిగా ఉంచండి

అసలు శత్రువు కంచు జబ్బు. మట్టిలోని ఉప్పు వల్ల లోహంలో క్లోరైడు దాగి ఉంటుంది. తేమ, గాలి తగిలితే అది ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కొత్త లోహాన్ని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారవుతుంది. ఆగదు. గుంటల్లో లేత పచ్చటి పొడి కనిపిస్తే సూదితో తాకండి: ముగ్గుపిండిలా రాలితే జబ్బు, కదలకుండా గట్టిగా ఉంటే మామూలు చిలుము.

పొడిని భూతద్దం కింద వెదురు పుల్లతో తీసి, ఉంగరాన్ని (రాయి లేనిదైతేనే) ఎసిటోన్‌లో ముంచి ఆరబెట్టి, వెంటనే తేమలేని డబ్బాలో పెట్టండి. బెంజోట్రయజోల్ లాంటి రసాయనాలు విషపూరితం, వాటిని నిపుణులకే వదిలేయడం మేలు. చాలా ఉంగరాలకి పొడిగా ఉంచడమే సగం వైద్యం. మైనం పూత అందానికి బాగుంటుంది గానీ తేమని పూర్తిగా ఆపలేదు.

విశాఖ, కాకినాడల్లో వానాకాలం గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. ఉంగరానికి కావలసింది 40 లోపు. అందుకే అద్దాల బీరువా, నగల పెట్టె కుదరవు. గాలి చొరబడని లీటరు ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, పీవీసీది కాకుండా. అందులో 50 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), చిన్న తేమ మీటరు పెట్టండి. ఉంగరాన్ని చిల్లులు పొడిచిన పాలిథిన్ సంచిలో ఉంచండి. ఉన్ని గుడ్డ, అట్టపెట్టె వద్దు, వాటి ఆవిర్లు లోహానికి పడవు. వేలికి పెట్టుకుని తిరగడమూ వద్దు, చెమటలో ఉన్నదీ ఉప్పే.

మీటరు 40 దాటితే గింజలు మార్చండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, వాటిని వంట ఓవెన్‌లో పెట్టొద్దు.