మేకప్ ఆర్టిస్టు ఇంటర్వ్యూలో ఫౌండేషన్ షేడ్ ఎంపిక తప్పు కాకుండా ఉండాలంటే

మాల్‌లోని సౌందర్య సాధనాల దుకాణంలో ఉద్యోగానికి ట్రయల్ ఇచ్చేటప్పుడు, కౌంటరు దీపాల కింద చక్కగా కలిసిన ఫౌండేషన్ కాసేపటికే ముదురు రంగుకు మారి మెడకు వేరుగా కనిపించడం చికాకు పెడుతుంది. నాకు రెండుసార్లు ఇలాగే జరిగింది.

ఇప్పుడు మోడల్ ముఖాన్ని శుభ్రం చేయగానే, దగ్గరగా అనిపించిన 3 షేడ్లను స్పాచులాతో పలకపైకి తీసుకుని, చెంప కింది నుంచి దవడ దాటి మెడపైకి వచ్చేలా, గోరంత వెడల్పున పక్కపక్కనే గీస్తున్నాను. అవి ఆరి అసలు రంగు తేలడానికి 5 నుంచి 10 నిమిషాలు వదిలి, ఆలోపు కనుబొమలు దిద్దుతూ, చర్మం జిడ్డుగా ఉంటుందా, రోజూ ఏం వాడతారు అని ఆమెను అడుగుతాను (అమ్మకపు నేర్పును కూడా ఇంటర్వ్యూ చేసేవారు గమనిస్తారు కనుక ఆ మాటలు వృథా పోవు). తరువాత అద్దాల తలుపు దగ్గర పగటి వెలుతురులో చూసి, మెడలో కలిసిపోయి కనబడకుండా పోయిన గీతనే ఎంచుకుంటాను. ముంజేతి మీద చూడడం పూర్తిగా మానేశాను, ఎందుకంటే చేతి రంగు, ముఖం రంగు ఒకటి కావడం అరుదు.

మోడల్ మెడకు తెల్లపొర మిగిల్చే సన్‌స్క్రీన్ ఉంటే మాత్రం ఈ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది. మెడను కూడా తుడిచిన తరువాతే గీతలు గీయాలి.