నైట్రో కారు మొరాయిస్తే ముందు నీడిల్ మీద చెయ్యి వెయ్యకండి

నైట్రో ఆర్సీ కారు (మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఫ్యూయెల్‌తో నడిచే చిన్న రిమోట్ కంట్రోల్ కారు) కొత్తగా కొన్నవాళ్లలో నూటికి తొంభై మంది, బండి స్టార్ట్ కాకపోతే మొదట చేసే పని స్క్రూడ్రైవర్ తీసి కార్బురేటర్ నీడిల్ (ఇంజిన్‌కి ఫ్యూయెల్ ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) తిప్పెయ్యడం. నేనూ అదే చేశా. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ఖాళీ లేఅవుట్‌లో ఆదివారం పొద్దున్నంతా స్టార్టర్ తాడు లాగి లాగి అరచెయ్యి బొబ్బలెక్కింది, తీరా చూస్తే ఇంజిన్‌కి ఏం లేదు, ఇగ్నైటర్‌లో (ప్లగ్‌ని వేడి చేసే చిన్న బ్యాటరీ పరికరం) ఛార్జ్ లేదు అంతే. ఆ గొడవలో నీడిల్స్ రెండూ ఎటు తిప్పానో నాకే గుర్తులేదు, సెట్టింగ్ మళ్లీ దారిలోకి రావడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది.

ఎంత లాగినా స్టార్ట్ కావట్లేదు

ఇందులో బైక్‌లాగా స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్‌లో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది, దాన్ని ఇగ్నైటర్ ఎర్రగా కాలుస్తుంది, ఒకసారి ఇంజిన్ అందుకున్నాక ఫ్యూయెల్‌లోని మిథనాల్ వల్ల ఆ తీగ దానంతటదే వేడిగా ఉండిపోతుంది. కాబట్టి 8 ఎంఎం పొడుగు ప్లగ్ స్పానర్‌తో ప్లగ్ ఊడదీసి, ఇగ్నైటర్ తగిలించి, నీడలో పెట్టి చూడండి. తీగ మొత్తం నారింజ రంగులో భగ్గుమంటే ప్లగ్ మంచిదే. మసక ఎరుపులో ఉంటే ఇగ్నైటర్ ఛార్జ్ లేదు. సగం చుట్టే వెలిగినా, తీగ నలిగిపోయి కనిపించినా ప్లగ్ మార్చెయ్యండి, అందుకే జేబులో ఎప్పుడూ మూడు నాలుగు స్పేర్ ఉండాలి. ఇగ్నైటర్ కొనేటప్పుడు మీటర్ ఉన్నది తీసుకోండి, ఈ అనుమానాలే ఉండవు. వెలుగు చాలట్లేదని రెండు సెల్స్ వరసగా కలిపారో, తీగ క్షణంలో మాడిపోతుంది (మా ఫ్రెండ్ ఒకడు ఒకే సాయంత్రం మూడు ప్లగ్గులు ఇలాగే తగలేశాడు).

ప్లగ్ బాగుంటే ఫ్యూయెల్ అందుతోందా చూడండి. సైలెన్సర్ గొట్టం చివర వేలితో మూసి రెండు మూడు సార్లు చిన్నగా లాగితే ట్యూబ్‌లో ఫ్యూయెల్ కార్బురేటర్ దాకా పాకుతూ కనపడుతుంది. అక్కడితో ఆపాలి, ఇంకా లాగితే కింద చెప్పేది జరుగుతుంది.

తాడు రాయిలా బిగుసుకుపోయింది

లోపల ఫ్యూయెల్ నిండిపోయింది. బలం చూపించకండి, తాడు తెగుతుంది లేదా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, రాడ్ వంగితే ఖర్చు తడిసిమోపెడు. ప్లగ్ తీసేసి, కారు తిరగేసి, రంధ్రం మీద పాత గుడ్డ వేసి ఐదారు సార్లు లాగండి, లోపలున్నది బయటికి చిమ్ముతుంది, మొహం పక్కకి పెట్టుకోండి. కొత్త ఇంజిన్ అయితే పిస్టన్ పైకొచ్చినప్పుడు బిగుసుకోవడం మామూలే, హెడ్‌ని హెయిర్ డ్రైయర్‌తో కాస్త వేడి చేస్తే వదులుతుంది. హెయిర్ డ్రైయర్ ఇంట్లో చెప్పి తీసుకెళ్లడం మీ ఆరోగ్యానికి మంచిది.

త్రాటిల్ వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంది

ఎక్కడో దొంగ గాలి లాగుతోంది. ట్యూబ్‌కి సూదిమొనంత చిల్లు, ట్యాంక్ మూత రబ్బరు రింగ్, కార్బురేటర్ అడుగు, ఈ మూడూ చూడండి. ట్యాంక్ ఊడదీసి ఒక నాజిల్ వేలితో మూసి, ఇంకోదానికి కొత్త ట్యూబ్ ముక్క పెట్టి బకెట్ నీళ్లలో ముంచి గాలి ఊదితే బుడగలే చూపిస్తాయి. వాడిన ట్యూబ్ నోట్లో పెట్టకండి, మిథనాల్ విషం. లీక్ లేకపోతేనే, అప్పుడు మాత్రమే, నీడిల్ సెట్టింగ్ లీన్ (గాలి ఎక్కువ, ఫ్యూయెల్ తక్కువ) అయిందేమో ఆలోచించాలి.

బెంగుళూరులో గుర్రంలా పరిగెత్తింది, చెన్నైలో వేడెక్కి ఆగిపోతోంది

ఇది మా బావమరిదికి జరిగింది. ఇక్కడ నేను ట్యూన్ చేసిచ్చిన కారు వేళచ్చేరి తీసుకెళ్లి నడిపితే పది నిమిషాల్లో ఆగిపోయింది, "బావా, ఇంజిన్ పోయినట్టుంది" అని ఫోను. టెంప్ గన్ (ముట్టుకోకుండా వేడి కొలిచే పరికరం) ఉందా అంటే లేదన్నాడు! బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి చెన్నై కంటే దాదాపు పదో వంతు తక్కువ. చెన్నై వేడికీ తేమకీ గాలి కొంచెం పలచబడే మాట నిజమే కానీ ఎత్తు తేడా ముందు అదెంత. మొత్తానికి అక్కడ గాలి ఎక్కువ, ఫ్యూయెల్ అంతే, అంటే ఇంజిన్ లీన్.

ఇక్కడే నీడిల్ పని. టెంప్ గన్‌తో హెడ్ మీద ప్లగ్ పక్కన కొట్టండి, చాలా ఇంజిన్లకి 95 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరిపోతుంది. దాటితే ఫ్యూయెల్ పెరిగేలా హై స్పీడ్ నీడిల్ (రెండింటిలో ఫుల్ స్పీడ్‌కి సంబంధించినది) ఎడమకి, గడియారంలో ఒక గంటంత మాత్రమే తిప్పి, రెండు రౌండ్లు నడిపి మళ్లీ కొలవండి. వెనకాల సన్నగా నీలం పొగ గీత కనపడాలి, పొగే లేకపోతే ఇంజిన్‌కి ఆయిల్ అందట్లేదని అర్థం. టెంప్ గన్ బెంగుళూరు ఎస్పీ రోడ్‌లోనూ చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ దొరుకుతుంది, బాడీ స్టిక్కర్లకి పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి.

కారు మాట వినకుండా పారిపోయింది

దాదాపు ఎప్పుడూ రిసీవర్ (కారులో రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం) బ్యాటరీయే. ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ పోతే కారు ఏం చెయ్యాలో చెప్పే సెట్టింగ్) బ్రేక్ మీద సెట్ చేసి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రిమోట్ ఆఫ్ చేసి చూడండి, కార్బురేటర్ మూసుకోవాలి.

నెల తర్వాత తీస్తే ఇంజిన్ తిరగట్లేదు

మిథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ట్యాంక్‌లో మిగిల్చిన ఫ్యూయెల్ బేరింగ్‌లకి తుప్పు పట్టిస్తుంది, చెన్నైలో ఇంకా తొందరగా. ఆట అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, ట్యూబ్‌లోది కూడా కాలిపోయి ఆగేదాకా నడిపి, ప్లగ్ రంధ్రంలో నాలుగైదు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఆట అయ్యాక తుప్పు పట్టకుండా వేసే ఆయిల్) వేసి ఓ పదిసార్లు లాగండి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజ్ కూడా అప్పుడే కడిగి ఫిల్టర్ ఆయిల్ పట్టించండి, మా వైపు ఎర్రమట్టి ఒక్క రోజులోనే దాన్ని ఇటుక రంగు చేసేస్తుంది. ఫ్యూయెల్ డబ్బా మూత గట్టిగా బిగించి ఎండ తగలని చోట, పిల్లలకి అందకుండా పెట్టండి, మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనపడదు కాబట్టి దాని దగ్గర సిగరెట్ అసలొద్దు.