పేపర్ ప్లానర్ పాఠాలు – 3: కాయితం, పెన్ను, మధ్యల ఇస్త్రీ పెట్టె

ప్లానర్ అంటే పనులు తేదీల లెక్కన రాసుకునే బుక్కు. పోయిన రెండు పాఠాలల్ల నెల పేజీ గీసుడు, ఆర్డర్ వచ్చిన తేదీ ఇయ్యాల్సిన తేదీ పక్కపక్కన రాసుకునుడు అయిపోయినై. అప్పటినుంచి అందరూ అడిగేది ఒకటే, అక్కా ఏ బుక్కు కొనాలె, ఏ పెన్ను కొనాలె అని. ముందే చెప్తే సామాన్లు కొనుడే ప్లానర్ అనుకుంటరని ఆగిన, ఎందుకంటే నేను గట్లనే చేసిన కాబట్టి. గడియారం సెంటర్ కాడ ఒక్కసారే పది రంగుల పెన్నులు తెచ్చుకున్న, నెల తిరగకముందే తొమ్మిది మా బిడ్డ కంపాస్ బాక్సుల తేలినై.

కొత్తగా చదివేటోళ్లకు, నాది నల్లగొండల చిన్న టైలరింగ్ షాపు. ఎక్కువ బ్లౌజులే. అందుకే నా ఉదాహరణలన్నీ కుట్టు మిషన్ చుట్టే తిరుగుతై, మీ పనికి తగ్గట్టు మార్చుకోన్రి.

ముందు కాయితం సంగతి. బుక్కు మీద జీఎస్ఎం అని రాసుంటది, దానికి భయపడకున్రి, ఒక చదరపు మీటరు కాయితం ఎన్ని గ్రాములు తూగుతదో ఆ లెక్క అంతే. ఏ4 కాయితాలు పదహారు కలిస్తే ఒక చదరపు మీటరు, అంటే 80 జీఎస్ఎం ఏ4 ఒక్కటి 5 గ్రాములు, 500 కాయితాల కట్ట రెండున్నర కిలోలు. నాకు నమ్మకం కుదరక ఒకసారి పక్క కిరాణం షాపుల కాంటా మీద పెట్టి చూసిన, ఆయన ఏందమ్మా కాయితాలు కిలోల లెక్కన కొంటున్నవా అని నవ్విండు. సరే, మనకు పనికొచ్చే ముచ్చట ఏందంటే, పలుచటి కాయితం మీద జెల్ పెన్నుతో రాస్తే అక్షరాలు వెనక పేజీల నీడలెక్క కనపడ్తై, ఇంకు ఎక్కువ కారే పెన్నైతే అవతలికే దిగుతది. 80 అయితే బాల్ పెన్నుకు, మామూలు జెల్లుకు సరిపోతది. ఇంకు పోసే పెన్ను వాడేటోళ్లు మాత్రం జీఎస్ఎం ఒక్కటే చూడొద్దు, కాయితం మీద పూత ఎట్లుందో గూడ చూడాలె, జపాన్ల తోమోయె రివర్ అని ఒక కాయితం ఉన్నది, 52 జీఎస్ఎంల పలుచగ ఉండి గూడ ఇంకు అవతలికి దిగనియ్యదు. మనకు గంత అవసరం లేదు, ఊరికే చెప్పిన.

సైజు ఏ5, అంటే ఏ4ని నడిమికి మడిస్తే వచ్చేది. లాంగ్ బుక్కు మిషన్ టేబుల్ మీద కత్తెరకు, టేపుకు చోటు లేకుంట చేస్తది. చేతిల పట్టే పాకెట్ బుక్కుల కొలతలు పట్టయి. తేదీలు అచ్చేసిన డైరీ ఫ్రీగ వచ్చినా నాకొద్దు, మూఢం వచ్చిందంటే పెండ్లి ఆర్డర్లుండయి, వారాలకు వారాలు పేజీలు ఖాళీగ నన్ను చూస్తుంటయి, దసరా ముందరైతే ఒక్క రోజుకు మూడు పేజీలు కావాలె.

ఇగ పెన్ను. ఇక్కడ నాకైన నష్టం చెప్పాలె.

చెరిపితే పోయే జెల్ పెన్నులు తెలుసు కదా, మా టైలర్లం వాటిని బట్ట మీద మార్కింగుకు వాడ్తం, ఇస్త్రీ పెడ్తే గీత మాయం. దాని వెనక రబ్బరుతో రుద్దితే పోతది అంటే రబ్బరు గొప్ప కాదు, రుద్దినప్పుడు పుట్టే వేడికి ఆ ఇంకు రంగు పోతది, దగ్గర దగ్గర 60 డిగ్రీలకు. ఇదంతా తెలిసి గూడ, కొట్టివేతలు లేకుంట ప్లానర్ నీటుగ ఉంటదని అదే పెన్నుతో కొలతలు రాసుకున్న. ఒకరోజు ఇస్త్రీ చేసిన బ్లౌజు వేడివేడిగ తీసి బుక్కు మీద పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె గూడ ఆనిచ్చి ఫోన్ ఎత్తిన. వచ్చి చూస్తే పెండ్లి పిల్ల చెయ్యి లూజు, మెడ లోతు, ఏమీ లేవు, పేజీ తెల్లగ కడిగినట్టుంది.

మా బిడ్డ అన్నది, అమ్మా చల్లగ చేస్తే మళ్ల వస్తదంట. నిజమే, సున్నా కంటే పది ఇరవై డిగ్రీలు కిందికి పోతే ఆ రంగు మళ్ల తేల్తది. బుక్కును కవర్ల చుట్టి ఐస్ గట్టే అరల పెట్టి రాత్రంతా ఉంచినం. పొద్దున తీస్తే కొలతలు వచ్చినై, కొంచెం వెలిసినట్టు, కాకపోతే నేను అంతకుముందు చెరిపేసిన పాత కొలతలు గూడ వాటి కిందికెంచి లేచినై! 14 మీద 15, దేన్ని నమ్మాలె? ఆ పిల్లకు ఫోన్ చేసి మళ్ల రమ్మన్న, ఏం చెప్పుకున్ననో మీకెందుకు. ఎండాకాలం మన దిక్కు బండి డిక్కీల, కారు అద్దం కాడ పెట్టినా ఇదే కథ, జాగ్రత్త.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఖాయం కానిది పెన్సిల్‌తో, ఖాయమైంది బాల్ పెన్నుతో. ముహూర్తం ఇంకా చూపిస్తున్నరు అంటే హెచ్‌బీ పెన్సిల్, అడ్వాన్స్ చేతిల పడ్డదంటే దాని మీదనే బాల్ పెన్ను. బాల్ పెన్ను ఇంకు నూనెతోటి ఉంటది, చెమట చెయ్యి తగిలినా, ఇస్త్రీకి కొట్టే నీళ్ల తుంపర పడ్డా అలుక్కపోదు. చూడ చక్కదనం జెల్లుదే, నేనేం కాదన, కానీ దాన్ల నీళ్లుంటయి, ఆరనీయకుంట పేజీ తిప్పితే ఎదురు పేజీల అచ్చు పడ్తది.

మీరు కొనే ముందు షాపుల గీకే తెల్ల చిట్టీ మీద కాదు, మీ సొంత కాయితం ముక్క జేబుల పెట్టుకపోయి దాని మీద రాయున్రి. మీ పేరు రాసి, ఐదు లెక్కపెట్టి వేలితో రుద్దున్రి, తర్వాత తడి వేలితో రుద్దున్రి, తర్వాత వెనక తిప్పి చూడున్రి. షాపాయన మొహం అదోలెక్క పెడ్తడు, పెట్టనీ.

అంటించే పసుపు చిట్టీలు నాకు ఇష్టం. 1968ల అమెరికాల త్రీఎం కంపెనీల స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన గట్టి గమ్ము కోసం చూస్తుంటే గట్టిగ పట్టని గమ్ము వచ్చిందంట, అదే 1980కి ఈ చిట్టీలై ఆ దేశమంత అమ్ముడుపోయింది. కాకపోతే కుట్టు షాపుల దారప్పోగులు, బట్ట నూగు అంటి రెండు రోజులకు ఊడుతై. అందుకే నేను బట్ట ముక్కనే స్టేప్లర్‌తో పేజీ మూలకు కొడ్త, కనకాంబరం రంగు, పట్టు అంచు అని రాసేకంటే ఆ ముక్క చూస్తే ఎవరిదో వెంటనే యాదికొస్తది. పిన్ను కొన పేజీ వెనక దిక్కు మలిగి ఉండాలె, లేకుంటే వేలికి గుచ్చుకుంటది. వాషీ టేపులు (సోకుకు అంటించే రంగురంగుల కాయితం టేపులు), స్టిక్కర్లు మీ ఇష్టం.

ఇంటిపని: ఎనిమిది ఏ4 కాయితాలు కలిపి నడిమికి మడవున్రి, 32 పేజీలైతయి, ఒకటి నెల పేజీకి, 31 రోజులకు. మడత మీద దబ్బనంతో మూడు చిల్లులు, నడుమ ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. గట్టి దారంతో లోపలికెంచి నడిమి చిల్లుల నుంచి బయటికి తీసి, పై చిల్లుల నుంచి లోపలికి, లోపల్నే పొడుగ్గ కిందిదాక పోయి బయటికి, మళ్ల నడిమి చిల్లుకు లోపలికి రాన్రి. ఇప్పుడు రెండు కొసలు లోపల్నే ఉంటయి, పొడుగు దారానికి అటొకటి ఇటొకటి ఉండేటట్టు చూసుకొని రెండు ముళ్లు వెయ్యున్రి. ఒకే పక్కకు ఉంటే ముడి లూజైతది. వచ్చే పాఠంల వారం పేజీ ఈ బుక్కులనే గీస్తం, కుట్టి ఉంచున్రి.