టీవీ కొనేముందు టేపు తీయండి

ముందు సోఫా నుంచి గోడ దాకా కొలవండి. టీవీ అంగుళాలు ఐమూలగా కొలిచినవి; 55 అంగుళాలంటే దాదాపు 140 సెంటీమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఏడడుగుల దూరం ఉంటే 4కె (బాగా స్పష్టమైన) బొమ్మ హాయిగా కనిపిస్తుంది.

బెంగళూరులో అద్దె ఇల్లయితే, గోడకు రంధ్రాలు వేయవచ్చా అని యజమానిని అడగండి. మేము అడగలేదు. మారతహళ్లి ఇల్లు ఖాళీ చేసిన రోజు నాలుగు రంధ్రాలకు అడ్వాన్సులో కోత పడింది. బల్ల మీద పెట్టేటట్లయితే టీవీ కాళ్ల మధ్య దూరం, బల్ల పొడవు రెండూ చూసుకోండి.

షోరూములో టీవీలన్నీ కళ్లు చెదిరే వెలుగుతో ఉంటాయి. అది అమ్మకం కోసం పెట్టిన వెలుగు. మామూలు మోడ్‌లోకి మార్చమని, రాత్రి దృశ్యం ఒకటి పెట్టించండి. నలుపు బూడిదలా వెలిసిపోతే ఇంకో టీవీ చూడండి. అమ్మేవారు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

రౌటరు పడకగదిలో ఉందా? 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. వీలైతే టీవీకి తీగ లాగండి. 4కె సినిమాకు 25 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు.

సౌండ్‌బార్ ఆలోచన ఉంటే, టీవీ శబ్దాన్ని దానికి పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టు ఉందో లేదో చూడండి. పాత టీవీ బొమ్మ బాగానే ఉంటే మాత్రం కొత్తది ఎందుకు? ఇంటర్నెట్ సినిమాలు చూపే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలించండి, కరెంటు మాత్రం దాని అడాప్టరుతోనే ఇవ్వండి.

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. అట్టపెట్టెను వెంటనే పాత సామాన్ల వాళ్లకు వేయకండి.