ఆత్మీయుల పేరిట విశ్వవిద్యాలయంలో శాశ్వత స్కాలర్‌షిప్: దరఖాస్తు విధానం

శాశ్వత నిధి స్కాలర్‌షిప్‌లో దాత ఇచ్చిన అసలును ముట్టుకోరు. దాన్ని మదుపు చేయగా వచ్చిన రాబడిలో కొంత భాగం ఏటా విద్యార్థికి చేరుతుంది. అందుకే లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. విద్యార్థికి ఏడాదికి ఎంత అందాలో ముందు అనుకుంటే, అసలు ఎంత కావాలో అదే తేలుతుంది. చాలా విశ్వవిద్యాలయాలు నిధి విలువలో ఏటా 4 నుంచి 5 శాతం వరకు ఖర్చుకు విడుదల చేస్తాయి. 4 శాతమైతే అందాల్సిన మొత్తానికి 25 రెట్లు, 5 శాతమైతే 20 రెట్లు అసలు ఉండాలి. వచ్చిన రాబడంతా పంచేసే చోట జాగ్రత్త. ఫీజులు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే, ఇవాళ పూర్తి ఫీజుకు సరిపోయే మొత్తం 12 ఏళ్లకు సగం ఫీజుకే వస్తుంది. మిగులు రాబడిని అసలులో కలుపుతారా, నిర్వహణ ఖర్చు కింద ఎంత మినహాయిస్తారు అన్నవి మొదటే అడిగి రాతలో తీసుకోండి.

దరఖాస్తు తీసుకునేది కొన్ని చోట్ల రిజిస్ట్రార్ కార్యాలయం, కొన్ని చోట్ల దాతల వ్యవహారాలు చూసే విభాగం. మొదట ఒక పేజీ లేఖ చాలు: ఎవరి పేరిట, మీకు వారేమవుతారు, ఏ కోర్సు వారికి, ఎంత మొత్తం, ఒకేసారి ఇస్తారా వాయిదాల్లోనా. జవాబుతో పాటు కనీస నిధి ఎంతో తెలిపే నిబంధనలు, ఒప్పంద పత్రం నమూనా పంపమని అందులోనే కోరండి. తర్వాత దాత గుర్తింపు పత్రం, పన్ను సంఖ్య, డబ్బు ఎక్కడిదో తెలిపే ప్రకటన అడుగుతారు. తోబుట్టువులు కలిసి ఇస్తుంటే అందరి సంతకాలూ ఉండాలి. ఎవరి పేరు పెడుతున్నారో వారు జీవించి ఉంటే వారి అంగీకారం కూడా జతచేయండి. విదేశం నుంచి డబ్బు పంపేవారు, దాన్ని తీసుకునే అనుమతి విశ్వవిద్యాలయానికి ఉందో లేదో తేలేదాకా పంపకండి. పేరు ఎలా రాయాలో, ఇంటిపేరు ముందు రావాలో వెనక రావాలో స్పష్టంగా రాసివ్వండి. ఒప్పందంలో పడిన అక్షరదోషం ఏటా ప్రతి ధ్రువపత్రంలోనూ వస్తుంది, ఆ కుటుంబానికి అంతకు మించిన బాధ ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది అర్హత షరతుల మీద. పోయినవారి మీద ప్రేమతో వారి ఊరు, వారి సబ్జెక్టు, వారు తెచ్చుకున్న మార్కులు అన్నీ షరతులుగా రాస్తారు. అన్నీ కుదిరే విద్యార్థి ఏళ్ల తరబడి దొరకడు, డబ్బు ఖాతాలోనే ఉండిపోతుంది. ఒక్క షరతునే తప్పనిసరి చేసి, మిగతావాటికి ‘ప్రాధాన్యం ఇవ్వాలి’ అని రాయడం మేలు. లబ్ధిదారును దాతే ఎంపిక చేస్తానన్నా, సొంత బంధువులకే ఇవ్వాలన్నా చాలా దేశాల్లో పన్ను మినహాయింపు పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఎంపికను కమిటీకి వదిలేయాలి. పేద విద్యార్థికి ఉద్దేశించినదైతే ‘ఇతర సాయానికి అదనంగా’ అన్న మాట చేర్పించండి. అది లేకపోతే మీరిచ్చినంత మేర మరో సాయం కోసేసే అవకాశం ఉంది. విద్యార్థికి మిగిలేది ఏమీ ఉండదు.

మార్పు నిబంధన, అంటే పరిస్థితులు మారితే షరతులు మార్చుకునే వీలు, లేని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దు. 1902లో మరణించిన బ్రిటిష్ గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ వీలునామా, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకు తన పేరిట ఇచ్చే స్కాలర్‌షిప్‌ను పురుషులకే పరిమితం చేసింది. మహిళలకు అది 1977లో గానీ దక్కలేదు, అదీ బ్రిటన్‌లో 1975 నాటి లింగ వివక్ష నిరోధక చట్టం వచ్చాకే. కోర్సు మూతపడినా, విభాగం పేరు మారినా ‘మూల ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా’ మరో అవసరానికి వాడవచ్చని, ఆ నిర్ణయానికి ముందు కుటుంబంలో ఫలానా వారిని సంప్రదించాలని రాయించండి.

ఒప్పందం కుదిరి డబ్బు కట్టాక వెంటనే స్కాలర్‌షిప్ మొదలవుతుందని ఆశించకండి. వాయిదాల్లో ఇస్తే కనీస నిధి పూర్తయ్యేదాకా ఆగుతారు, ఆ తర్వాత కూడా రాబడి పోగవడానికి సాధారణంగా ఏడాది పడుతుంది. మొదటి వర్ధంతికే ఒక విద్యార్థికి సాయం అందాలని ఉంటే, ఆ ఏడాదికి సరిపడే చిన్న మొత్తాన్ని విడిగా, నేరుగా ఖర్చు చేసే విరాళంగా ఇవ్వండి. మార్కెట్ పడిపోయి నిధి విలువ అసలు కంటే తగ్గితే కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ ఏడు చెల్లింపు ఆపేస్తాయి. అప్పుడు ఏం చేస్తారన్నదీ ఒప్పందంలోనే ఉండాలి.

ఏటా నిధి విలువ, ఎంత మందికి ఎంత ఇచ్చారన్న నివేదిక మీకు రావాలి. దాత చిరునామా మారడంతోనే చాలాసార్లు ఆ ఉత్తరాలు ఆగిపోతాయి. కుటుంబంలో తర్వాతి తరం నుంచి ఒకరి పేరు, చిరునామా రెండో సంప్రదింపుగా ఫారంలోనే రాయండి.